ఇల్లే తొలి చిత్రశాల

పాఠ్యభాగ ఉద్దేశం

చిత్రలేఖనం పుట్టుకతో రావలసిన విద్య అని చాలామంది భావిస్తారు. అది అభ్యాసంతో అలవడే విద్య అనీ, దాని తొలి పాఠమూ తుది ప్రయోజనమూ ఇంట్లోనే ఉన్నాయనీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ధనుర్మాసపు తెల్లవారుజామున తిరువూరు వీధులలో నడిచేవారికి వాకిలి వాకిలికీ ఒక చిత్రం కనబడుతుంది. కళ్ళాపి చల్లిన నేలమీద ముందుగా చుక్కలు పడతాయి. 15 చుక్కలతో మొదలై 8 చుక్కలకు తగ్గే ముగ్గును వేసే ఇల్లాలి చేతిలో కొలబద్ద ఉండదు, పెన్సిలు ఉండదు. చూపుడువేలికీ బొటనవ్రేలికీ నడుమనుండి జారే పిండియే ఆమె కుంచె. ఒక గీత చుక్కను చుట్టి, మరొక గీతను దాటి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఎక్కడైనా ఒక మెలిక తప్పితే ముగ్గంతా తప్పినట్లే. ప్రక్కనే నిలబడి చూస్తున్న పసిపిల్ల మరునాడు వాకిట్లో ఒక మూల నాలుగు చుక్కలు పెట్టి కలుపుతుంది. ఆ పిల్ల చిత్రలేఖన విద్య ఆ క్షణాన ఆరంభమైంది. అయితే ఆ సంగతి ఆమెకు తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు.

ఆ తర్వాత ఏం జరుగుతున్నదో మనకందరికీ తెలిసినదే. ప్రాథమిక పాఠశాలలో పలకమీద కొండలు, సూర్యుడు, కొబ్బరిచెట్టు, పూరిల్లు గీయని పిల్లలు ఉండరు. ఉన్నత పాఠశాలకు వచ్చేసరికి ఆ సంఖ్య తగ్గుతుంది. జూనియర్ కళాశాలలో అడుగుపెట్టేసరికి చాలామంది నోట “నాకు బొమ్మలు రావు” అనే మాట వినబడుతుంది. పదేళ్ళపాటు చేతిలో ఉన్న విద్య ఎక్కడికి పోయింది? అది పోలేదు, సాధన ఆగిపోయింది. సాధన ఆగిన చోట “రాదు” అనే నమ్మకం వచ్చి కూర్చున్నది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో విచారించవలసి ఉన్నది.

పూర్వుల దృష్టిలో చిత్రలేఖనం

వాత్స్యాయనుడు పేర్కొన్న అరవై నాలుగు కళలలో గీతం, వాద్యం, నృత్యం తరువాత నాల్గవదిగా వచ్చేది ఆలేఖ్యం, అనగా చిత్రలేఖనం. ఆ పట్టికలోనే బియ్యంతో, పూలతో నేలను అలంకరించడం కూడా ఒక కళగా చేరింది. అంటే వాకిటి అలంకారానికి మన పెద్దలు కళలలో స్థానమిచ్చారన్నమాట. నాగరకుని నివాసాన్ని వర్ణిస్తూ వాత్స్యాయనుడు పడకగదిలో గోడకొయ్యకు వీణతోపాటు చిత్రఫలకం, కుంచెల పెట్టె ఉండాలని చెప్పాడు. చిత్రాలను వేలాడదీయడానికే గాక, చిత్రాలను వేయడానికి కూడా ఇల్లు తగిన చోటని ఆ కాలం భావించింది.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రానికి సంబంధించిన కథ ఒకటి ప్రసిద్ధం. వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షిని ఆశ్రయించి, దేవతా ప్రతిమలను నిర్మించే విధానాన్ని బోధించుమని కోరుతాడు. చిత్రలేఖనం తెలియనివారికి ప్రతిమాలక్షణం తెలియదంటాడు మహర్షి. అయితే చిత్రలేఖనమే చెప్పుమంటాడు రాజు. నృత్యం తెలియనిదే చిత్రం తెలియదన్నది సమాధానం. నృత్యానికి వాద్యం, వాద్యానికి గీతం తెలిసి ఉండాలని మహర్షి రాజును మెట్టుమెట్టుగా వెనుకకు నడిపిస్తాడు. ఈ కథలోని అంతరార్థాన్ని గ్రహించాలి. నర్తకి దేహంలోని వంపును చూడలేనివాడు గీతలోని వంపును గీయలేడు. చేతికన్న ముందు చూపుకు శిక్షణ కావాలి.

ఈ విషయాన్నే కాళిదాసు శాకుంతల నాటకం ఆరవ అంకంలో మరొక విధంగా చూపించాడు. పోగొట్టుకొన్న శకుంతలను దుష్యంతుడు చిత్రంలో నిలుపుకొంటాడు. చూచినవారు అది సజీవంగా ఉన్నదని మెచ్చుకొంటున్నా, రాజుకు తృప్తి లేదు. మాలినీ నదీ సైకతం, అక్కడి హంసల జంట, చెట్టు క్రింది లేళ్ళు ఇంకా గీయవలసి ఉన్నవని లెక్కపెడతాడు. చిత్రంలో ఉన్నదాన్ని చూడటం ప్రేక్షకుని పని. లేనిదాన్ని కూడా చూడగలగడం చిత్రకారుని పని.

తెలుగు సాహిత్యంలోనూ చిత్రశాలల ప్రసక్తి ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లులోని మాచల్దేవి చిత్రశాలా ప్రవేశోత్సవం వర్ణితమైంది. పురాణ కథలను చిత్రించిన గోడలతో కూడిన గృహాలు కాకతీయుల నాటి నగరంలో ఉండేవనడానికి అది సాక్ష్యం. 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు మీద వెలసిన వర్ణచిత్రాలు నేటికీ చూపరులను నిలబెడుతున్నవి.

చిత్రకళకు ఆరు అంగాలున్నవని యశోధరుడనే వ్యాఖ్యాత చెప్పాడు. అవి రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. వస్తువుల ఆకారాలను వేరువేరుగా గుర్తించడం రూపభేదం. వాటి కొలతలు ప్రమాణం. మనఃస్థితిని వ్యక్తం చేయడం భావం. అందాన్ని మితిమీరకుండా పొందుపరచడం లావణ్యయోజనం. మూలవస్తువుతో పోలిక సాదృశ్యం. రంగులనూ కుంచెనూ ప్రయోగించే నేర్పు వర్ణికాభంగం. ఈ వరుసలో రంగు చివర వచ్చింది. కొత్తగా నేర్చుకొనేవారు రంగులపెట్టె కొనడంతో మొదలుపెట్టి, నాలుగు రోజులకే నిరుత్సాహపడటానికి కారణం ఈ వరుసను తలక్రిందులు చేయడమే.

గీతతో ఆరంభం

చిత్రలేఖన తరగతిలో మొదటి రోజున గురువు విద్యార్థి చేత బొమ్మ వేయించడు, గీతలు గీయిస్తాడు. అడ్డగీతలు, నిలువుగీతలు, ఏటవాలు గీతలు, వలయాలు పేజీల కొద్దీ గీయవలసి ఉంటుంది. కొలబద్ద ముట్టుకోరాదు. మణికట్టును మాత్రమే కదిలిస్తే గీత కురచగా, వణుకుతూ వస్తుంది. మోచేయి, భుజం కూడా కదిలినప్పుడు గీత సాగుతుంది. వంగి ముగ్గు వేసే స్త్రీ దేహమంతా గీతతోపాటు కదలడం గమనించినవారికి ఈ సూత్రం వెంటనే బోధపడుతుంది.

పెన్సిళ్ళలో కూడా తేడాలున్నవి. హెచ్.బి. పెన్సిలు రూపరేఖలకు, 2బి, 4బి, 6బి పెన్సిళ్ళు ఛాయలకు ఉపయోగపడతాయి. సంఖ్య పెరిగినకొద్దీ పెన్సిలు మెత్తబడుతుంది, గీత నల్లబడుతుంది. గట్టిగా అదిమి గీసిన గీతను చెరపడం కష్టం. కనుక తొలి గీత ఎప్పుడూ పలుచగా ఉండాలి. తప్పును దిద్దుకొనే అవకాశాన్ని ముందుగానే ఉంచుకోవడం ఈ విద్యలోని మొదటి వివేకం.

జీవశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాల రికార్డులో మందార పువ్వు నిలువుకోతను గీస్తారు. ఆకర్షక పత్రాలెన్ని, కేసరాలు ఏ విధంగా కలిసి గొట్టంగా ఏర్పడ్డాయి, అండాశయం ఎక్కడ ఉన్నది అని పరిశీలించకుండా ఆ బొమ్మ రాదు. ప్రక్కవారి రికార్డు చూచి దించినవారికి బొమ్మ వస్తుంది గాని పువ్వు తెలియదు. పువ్వును ఎదుట పెట్టుకొని గీసినవారికి బొమ్మ కొంచెం వంకరగా వచ్చినా పువ్వు జీవితాంతం గుర్తుంటుంది. “నాకు బొమ్మలు రావు” అనే విద్యార్థి కూడా సంవత్సరం పొడుగునా ఈ పని చేస్తూనే ఉంటాడు. దానికి చిత్రలేఖనమనే పేరు పెట్టుకోలేదు, అంతే.

గీత కుదిరిన తరువాత ప్రమాణం. శిల్పశాస్త్రాలు ముఖం పొడవును ‘తాలం’ అనే కొలతగా తీసుకొని, ఆ కొలతతోనే దేహమంతా నిర్ణయించాయి. దేవతామూర్తులకు నవతాలం, అంటే ముఖానికి తొమ్మిది రెట్లు ఎత్తు చెప్పబడింది. సామాన్య మానవుని గీయడానికి నేటి తరగతులలో తలకు ఏడు లేక ఏడున్నర రెట్లు ఎత్తు అనే లెక్క నేర్పుతారు. లెక్క మారినా పద్ధతి ఒకటే. ఒక భాగాన్ని కొలతగా నిలుపుకొని తక్కినవాటిని దానితో పోల్చి చూడటమే ప్రమాణజ్ఞానం.

తరువాత వెలుగునీడలు. కిటికీ ప్రక్కన ఒక మట్టికుండను పెట్టి చూడండి. వెలుగు నేరుగా పడినచోట తెల్లని మెరుపు, దాని చుట్టూ లేతఛాయ, ఆవలి వైపు చిక్కని నీడ, నేలమీద పరచుకొన్న నీడ కనబడతాయి. ఇంకొంచెం నిదానించి చూస్తే, నేలమీది వెలుగు తిరిగి కుండ అంచుపై పడటం వల్ల చీకటిలోనూ సన్నని వెలుగురేఖ కనబడుతుంది. ఈ అయిదింటినీ వేరుచేసి గీసినప్పుడు కాగితంమీది వలయం గుండ్రని కుండగా మారుతుంది. ఆ మార్పును తన చేతితో తొలిసారి సాధించిన విద్యార్థి ఆనందం ఇంతా అంతా కాదు.

దూరాన్ని చూపడం మరొక పాఠం. తిరువూరు నుండి మైలవరం వైపు సాగే రహదారి మీద నిలబడితే, రోడ్డు రెండు అంచులూ దూరాన ఒకచోట కలిసినట్లు కనబడతాయి. ఇరువైపుల చెట్లు పోనుపోను చిన్నవవుతాయి. దగ్గరి మామిడితోట ముదురుపచ్చగా ఉంటే దూరపు కొండలు లేతనీలంగా ఉంటాయి. రోడ్డు నిజానికి సన్నబడదు, కొండ నిజానికి నీలం కాదు. మనస్సుకు తెలిసినదాన్ని కాక కంటికి కనబడినదాన్ని గీయడం నేర్చుకొనేది ఇక్కడే.

రంగుల లోకం

ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక వర్ణాలు. ఎరుపు పసుపులు కలిస్తే నారింజ, పసుపు నీలాలు కలిస్తే ఆకుపచ్చ, నీలం ఎరుపులు కలిస్తే ఊదా వస్తాయి. ఈ ఆరింటినీ చక్రంగా అమర్చినప్పుడు ఎదురెదురుగా నిలిచే జంటలను విరుద్ధ వర్ణాలంటారు. ఎరుపు, ఆకుపచ్చ అటువంటి జంట. ఆకుపచ్చని చేలో ఎర్రచీర కట్టుకొన్న స్త్రీ ఎంత దూరాన ఉన్నా కంటపడటానికి కారణమిదే. కాని ఆ రెండు రంగులనూ కలిపితే రెండూ తమ కాంతిని కోల్పోయి మట్టిరంగుగా మారతాయి. ప్రక్కప్రక్కన నిలిపినప్పుడు ఒకదానినొకటి వెలిగించేవే, కలిపినప్పుడు ఒకదానినొకటి అణచివేస్తాయి.

నీటిరంగులలో తెల్లదనం కాగితానిదే. వెలుగు కావలసినచోట రంగు వేయకుండా వదిలిపెట్టాలి. వేసిన తరువాత దిద్దడం కష్టం గనుక ఈ పద్ధతి ముందుచూపును నేర్పుతుంది. తైలవర్ణాలు నెమ్మదిగా ఆరుతాయి, దిద్దుకోవడానికి వ్యవధి ఇస్తాయి, ఓర్పును నేర్పుతాయి. ఆక్రిలిక్ రంగులు నీటితో కలుస్తాయి, త్వరగా ఆరుతాయి, ఆరిన తరువాత నీటికి చెదరవు. కనుక గోడలమీద, కుండలమీద, చెక్కమీద వేయడానికి నేడు వీటిని ఎక్కువగా వాడుతున్నారు.

గురువు నాటిన మొక్క

ఈ విద్య పుస్తకాలతో మాత్రమే వచ్చేది కాదు. ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళ వికసించిన తీరు అందుకు నిదర్శనం. 1897లో రాజమహేంద్రవరంలో జన్మించిన దామెర్ల రామారావు ప్రతిభను అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడు అయిన ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించాడు. ఆయన ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరాడు. పాశ్చాత్య చిత్రణరీతులను అక్కడ క్షుణ్ణంగా అభ్యసించి, స్వస్థలానికి తిరిగి వచ్చాడు. అయితే ఆయన చిత్రాలలో కనబడేవారు పాశ్చాత్యులు కారు; మన ఇండ్లలోని స్త్రీలు, మన గోదావరి, మన పండుగలు. ‘పుష్పాలంకరణ’, ‘కార్తీక పౌర్ణమి’, ‘నందిపూజ’ మొదలైన చిత్రాల పేర్లే అందుకు సాక్ష్యం.

రామారావు తన చిత్రాలతో తృప్తిపడలేదు. తాను నేర్చినదాన్ని పదిమందికి నేర్పడానికి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను నెలకొల్పాడు. కాని విధి అనుకూలించలేదు. 1925 ఫిబ్రవరిలో మశూచి వ్యాధితో ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిది సంవత్సరాలైనా నిండలేదు. ఒక మనిషితో ఒక కళ అంతరించిపోవలసిన ఘడియ అది. అంతరించలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం మొదలైనవారు ఆ కళాశాలను నిలబెట్టారు. రామారావు సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణిగా పేరు పొందింది. ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో నేటికీ ఉన్నవి. రామారావు చిత్రాలు వేసి ఊరుకొని ఉంటే మిగిలేవి చిత్రాలే. ఆయన నేర్పాడు గనుక విద్య కూడా మిగిలింది.

అదే కాలంలో మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల మరొక చిత్రకళా కేంద్రమైంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యల కృషితో స్థాపితమైన ఆ సంస్థలో పుస్తకవిద్యతోపాటు చేతిపనులకు స్థానం లభించింది. వంగదేశం నుండి వచ్చిన ప్రమోద కుమార ఛటోపాధ్యాయ అక్కడ చిత్రకళను బోధించాడు. అడివి బాపిరాజు, కౌతా రామమోహనశాస్త్రి, కౌతా ఆనందమోహనశాస్త్రి, గుర్రం మల్లయ్య వంటివారు ఆయన శిష్యులు. నవలాకారుడుగా మనకు తెలిసిన బాపిరాజు కుంచె పట్టిన చేతితోనే కలం పట్టాడు.

దారి ప్రక్కన ఒక పాఠశాల

చిత్రకళ కళాశాలలలోనే ఉన్నదనుకోరాదు. తిరువూరు నుండి ఇబ్రహీంపట్నం వెళ్ళే రహదారి మీదనే కొండపల్లి ఉన్నది. 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో ఈ రెండు ఊళ్ళూ ఉన్నవి. కొండపల్లి బొమ్మలకు వాడేది తెల్లపొణికి కర్ర. తేలికగా, మెత్తగా ఉండే ఈ కర్రలోని తడిని పోగొట్టి, ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. చేతులు, కాళ్ళు, తొండం వంటి భాగాలను వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. దానిపైన తెల్లని పూత. అది ఆరిన తరువాతనే రంగులు. సన్నని కుంచెతో కళ్ళు దిద్దడం తుదిపని. కుటుంబంలోని స్త్రీలు రంగులద్దే పనిలో పాలుపంచుకొంటారు. అక్కడ తరగతి గది లేదు, గంట లేదు. పెద్దలు చెక్కుతుంటే పిల్లలు చూస్తారు. చూచి చూచి ఒకనాడు కుంచె పట్టుకొంటారు.

అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు ఆ చేతులనుండి రూపొంది, దసరాకో సంక్రాంతికో మన ఇండ్లలో బొమ్మలకొలువు మెట్లమీద నిలుస్తాయి. ఆ కొలువు గృహాలంకరణకు చక్కని నమూనా. పై మెట్టున దేవతలు, క్రిందికి వచ్చేకొద్దీ మనుషులు, పశువులు, పచ్చని పొలాలు. దేనిని ఎక్కడ నిలపాలో, ఏ రెండింటి నడుమ ఎంత ఖాళీ విడవాలో ఇంటి పిల్లలు పెద్దలతో కలిసి నిర్ణయిస్తారు. కాని తెల్లపొణికి చెట్లు నానాటికి అరుదవుతున్నవి. అచ్చుపోసిన ప్లాస్టిక్ బొమ్మ చవుకగా దొరుకుతున్నది. కొలువులో బొమ్మ కొనేవారు లేనినాడు ఉలి పట్టే చెయ్యి మరొక పని వెతుక్కొంటుంది.

ఇంటి గోడలు

చిత్రలేఖనం నేర్చినవారి చూపు తమ ఇంటిమీదికి మళ్ళడం సహజం. గృహాలంకరణ అంటే ధనవంతుల వ్యవహారమని భ్రమపడరాదు. మన పల్లెలలో మట్టిగోడలకు సున్నం పూసి, క్రిందిభాగాన ఎర్రమన్ను అలికి, దానిపై తెల్లని ముగ్గులు తీర్చేవారు. ఎరుపు తెలుపుల ఆ పొందిక ఏ వర్ణచక్రమూ చూడనివారు సాధించినది. గడపకు పూసే పసుపు, దానిపై కుంకుమబొట్లు, గుమ్మానికి కట్టే మామిడాకుల తోరణం, వీటిలో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ మూడూ ఒకచోట చేరాయి.

గోడను అలంకరించడానికి ముందు గోడను ఎరగాలి. చెమ్మ ఎక్కిన గోడమీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలు పొరలుగా రాలిపోతుంది. ముందు చెమ్మకు కారణం కనిపెట్టి మాన్పాలి. తరువాత పగుళ్ళు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, అది ఆరిన తరువాతనే చిత్రానికి పూనుకోవాలి. చిన్నగదికి లేతరంగులు వేస్తే విశాలంగా కనబడుతుంది. ఎరుపు, నారింజ వంటి ఉష్ణవర్ణాలు గోడను దగ్గరకు తెస్తాయి. నీలం, లేత ఆకుపచ్చ వంటి శీతలవర్ణాలు దూరం జరుపుతాయి. నాలుగు గోడలనూ నింపడం కంటె ఒక గోడను ఎంచుకొని తక్కినవాటిని ప్రశాంతంగా వదలడం మేలు. పటాన్ని నిలబడి చూచేవారి కంటి ఎత్తున వేలాడదీయాలి. నేరుగా ఎండపడే చోట పెట్టిన నీటిరంగుల చిత్రం కొన్నేళ్ళకే వెలిసిపోతుంది.

గుమ్మాలకూ కిటికీలకూ తెరలు, మంచంమీద దుప్పట్లు కూడా అలంకరణలో భాగమే. పెడన, మచిలీపట్నం ప్రాంతాలలో చెక్క అచ్చులతో, శ్రీకాళహస్తిలో కలంతో అద్దే కలంకారీ వస్త్రాలు శతాబ్దాలుగా ఇండ్లను అలంకరిస్తున్నవి. కరక్కాయ కషాయంలో నానబెట్టిన బట్ట, బెల్లపునీటిలో తుప్పుపట్టిన ఇనుమును ఊరబెట్టి తీసిన నలుపు, నీలిమందు, వేళ్ళనుండి తీసే ఎరుపు, ఇవి ఆ కళకు ఆధారాలు. ఆ బట్ట పరచిన గదిలో గోడకు ఏ రంగు నప్పుతుందో నిర్ణయించడం కూడా వర్ణికాభంగమే.

గోడ నేర్పిన పాఠం

ఇంటి గోడమీది చిత్రం కేవలం అలంకారమా? ఒక చిత్రకారుని బాల్యం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయాన్ని స్థాపించిన తరువాత, రాజభవనాలకు పరిమితమైన తైలవర్ణ చిత్రాల ప్రతులు సామాన్యుల ఇండ్లకు చేరాయి. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన వడ్డాది పాపయ్య తండ్రి చిత్రలేఖన ఉపాధ్యాయుడు. రవివర్మ గీసిన కోదండరాముని చిత్రాన్ని చూచి గీయడంతోనే పసితనాన పాపయ్య చిత్రకళాభ్యాసం ఆరంభమైందని చెబుతారు. ఆ బాలుడే పెరిగి, ‘చందమామ’, ‘యువ’ పత్రికల ముఖచిత్రాలతో వపాగా తెలుగువారికి ఆత్మీయుడైనాడు. ఆయన వేసిన చిత్రాలను ఎందరో పత్రికలనుండి జాగ్రత్తగా కత్తిరించి, పటాలు కట్టించి తమ ఇండ్లలో పెట్టుకొన్నారు. గోడమీది చిత్రం ఒక బాలుణ్ణి చిత్రకారునిగా చేసింది. ఆ చిత్రకారుడు మళ్ళీ వేలాది గోడలకు చిత్రాలనిచ్చాడు. కళ ఈ విధంగా ఇంటినుండి బయలుదేరి ఇంటికే చేరుతుంది, ముగ్గులోని గీతవలె.

నేడు ఆ గీత తెగే ప్రమాదం ఉన్నది. వాకిట్లో ముగ్గుకు బదులు అంటించే ముగ్గు వచ్చింది. గోడమీద యంత్రం ముద్రించిన కాగితం వచ్చింది. అవి చూడటానికి బాగానే ఉంటాయి. శ్రమ లేదు, తప్పు రాదు. కాని తప్పు రానిచోట నేర్చుకొనేదీ లేదు. అంటించిన ముగ్గు ప్రక్కన నిలబడిన పసిపిల్లకు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనబడదు. ఆమె నాలుగు చుక్కలు పెట్టి చూడాలనుకోదు. ఇంట్లో ఒక్కరైనా గీయనప్పుడు, “నాకు బొమ్మలు రావు” అనే మాట పాఠశాలకు వెళ్ళకముందే పుడుతుంది.

చిత్రకళను జీవనోపాధిగా స్వీకరించదలచిన వారికి నేడు మార్గాలున్నవి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల విభాగం ఉన్నది. 2008లో హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, 2020లో కడపలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు ఈ దిశగా ఆలోచించవచ్చు. అయితే నేర్చుకొనేవారందరూ చిత్రకారులు కానక్కరలేదు. కుండపై పడే వెలుగును ఒకసారి చూడగలిగినవాడు వైద్యుడైనా, రైతైనా, ఉపాధ్యాయుడైనా లోకాన్ని ఇంకొంచెం శ్రద్ధగా చూస్తాడు.

ఒక పెన్సిలు, ఒక తెల్లకాగితం, కిటికీ ప్రక్కన ఒక మట్టికుండ. ఆరంభానికి ఇంతకు మించి అవసరం లేదు. మొదటి కుండ వంకరగా వస్తుంది. పదవ కుండ కొంత నిలబడుతుంది. దాన్ని ఇంటి గోడకు తగిలించడానికి సంకోచించనక్కరలేదు. ఆ గోడను చూస్తూ పెరిగే పసివారు ఆ ఇంట్లో ఉండవచ్చు.

కఠిన పదాలకు అర్థాలు

ఆలేఖ్యం – చిత్రలేఖనం
చిత్రఫలకం – బొమ్మ వేయడానికి ఉపయోగించే పలక
నాగరకుడు – నగరవాసి, కళారసికుడు
సైకతం – ఇసుకతిన్నె
ప్రతిమాలక్షణం – విగ్రహ నిర్మాణానికి సంబంధించిన శాస్త్రం
సాదృశ్యం – పోలిక
క్షుణ్ణంగా – పూర్తిగా, లోతుగా
మశూచి – పెద్ద అమ్మవారు అనే వ్యాధి
మక్కు – చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్ద

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. చిత్రలేఖన అభ్యాసంలోని దశలను పాఠం ఆధారంగా వివరించండి.
2. “కళ ఇంటినుండి బయలుదేరి ఇంటికే చేరుతుంది” – ఈ వాక్యాన్ని సోదాహరణంగా సమర్థించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. మార్కండేయుడు వజ్రునికి చెప్పిన సమాధానంలోని అంతరార్థమేమి?
2. దామెర్ల రామారావు కృషి ఆయన మరణానంతరం ఎట్లా నిలిచింది?
3. కొండపల్లి బొమ్మల తయారీ విధానాన్ని తెలుపండి.

ఇ) మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని చేతితో వేసిన ముగ్గు, చిత్రం, బొమ్మ ఏదైనా ఒకదానిని పరిశీలించి, వేసినవారిని అడిగి తెలుసుకొని పది వాక్యాలు వ్రాయండి.